జీపు కింద నుంచి పోయిన లారీ

మా టెక్కలిలో నందిగాం వెళ్లే రోడ్డు పక్కన సింహాచలమ్మ టీ కొట్టు, దానికి ఆనుకుని సునీల్ టైర్ల షాపు ఉన్నాయి. ఒంటిపూట బడుల రోజులు. ఎండ మాడ్చేస్తోంది. సునీల్ షట్టరు సగం దించి భోజనానికి వెళ్లాడు. వాడు తిరిగొచ్చేదాకా గిరీష్ మాస్టారు కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటే, ఆఫీసులో క్యారేజీ ఖాళీ చేసి టీ కోసం వచ్చిన నేను ఆయన పక్కన చేరాను. నా పేరు కామేశ్వరరావు. ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాని. ఏ కాగితమైనా మూడుసార్లు చదివితే గాని నమ్మను. మనుషుల మాటలైతే నాలుగుసార్లు వింటే గాని.

గిరీష్ ఇక్కడి కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆయన భార్య సుధకి ఉద్దానంలో, సముద్రం ఒడ్డు ఊళ్లో బడి. ఆటో తారు రోడ్డు దాకానే దింపుతుంది. అక్కణ్ణించి జీడితోటల మధ్య రెండు కిలోమీటర్లు ఇసక దారి. పోయిన వారం ఆ దారిలో నడిచి నడిచి సుధ ఎండదెబ్బకి పడిపోయింది. ఆ భయంతో గిరీష్ ఒక పాత చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. దాన్ని నడపబోయేది సుధే. ఇంజను బాగానే ఉంది గాని టైర్లు గుండులా నున్నగా అరిగిపోయాయి. ఏ టైర్లు వేయించాలి, జీపుని ఎంత ఎత్తు లేపించాలి అన్నదే ఆ పూట తేలాలి.

సునీల్ భోజనానికి పోతూ తన మాట చెప్పేశాడు. "సార్, రెండంగుళాలు లేపితే చాలు. మరీ లేపితే మలుపులో బండి తిరగబడిపోద్ది. టైర్లు మట్టికీ రోడ్డుకీ రెండిటికీ పనికొచ్చేవి ఎయ్యండి. ఇసకలో దిగేముందు గాలి తగ్గించండి."

గిరీష్ దాదాపు సరే అనేసుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఢిల్లీశ్వరరావు వచ్చాడు.

నందిగాం వైపు తాతల నాటి భూములున్న ఇల్లు వాళ్లది. సముద్రం దగ్గర కూడా ఓ జీడితోట ఉంది. నెల కిందట పలాసలో ఎవరో షెడ్డువాడి చేత తన జీపుకి ఎత్తు పెంచించి, లోతు గాడులతో పెద్ద కట్ల బురద టైర్లు వేయించాడు. అప్పట్నుంచీ పెళ్లికెళ్లినా, పరామర్శకెళ్లినా అదే మాట. ఆయన వచ్చీ రాగానే గిరీష్ జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరుని చెప్పుకాలితో ఓ తాపు తన్ని, బల్ల మీద మా ఇద్దరి మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు.

"ఏటి మాస్టారూ, టైర్లు మార్పిత్తన్నారా? సునీలేటన్నాడు? రెండంగుళాలా? రెండంగుళాలు లేపితే దాన్ని జీపంటారేటండి, పీటంటారు! మా ఇందుమతి పూజలో కూకునే పీట అంతకన్నా ఎత్తుగుంటాది. సింహాచలమ్మా, ఓ టీ ఎట్టు. నాను లేనిపోనివి సెప్పే మనిసిని కాను, మీకు తెలుసు. జరిగింది జరిగినట్టు సెప్తాను, ఇనండి. మొన్న కార్తీకంలో వాన పడీసరికి మా నందిగాం కాడ గెడ్డ పొంగీసింది. మోకాల్లోతు నీరు. ఓ ట్రాక్టరు మజ్జిలో ఆగిపోనాది. నాను రెండు బస్తాల జీడిపిక్కలేసుకుని మెల్లగ దిగినాను, మెల్లగ ఎక్కినాను. సైలెన్సర్లోకి సుక్క నీరెల్లలేదు. ఎందుకెల్లలేదు? ఎత్తు! అదీ సంగతి."

ఇది నమ్మొచ్చు. కానీ నాకు కార్తీకం దగ్గర మేకు గుచ్చుకుంది. "బావా, నువ్వు జీపు లేపించింది నెల కిందట కదా? కార్తీకం అయి అయిదు నెలలైంది" అన్నాను.

"అది రెండో లిఫ్టు బావా! మొదటిది ఎవులికీ సెప్పలేదు. దిష్టి తగుల్తాదని." ఏమాత్రం తడుముకోలేదు. "ఇంతకీ ఇనండి. గెడ్డ దాటినానా, ఆ ట్రాక్టరోడు బాబూ బాబూ అని దండాలెడతన్నాడు. సరే పాపమని తాడు కట్టి లాగినాను. ట్రాక్టరొచ్చీసింది. ఎనకాల ట్రాలీ వచ్చీసింది. ఆ ట్రాలీ ఎనకాల ఏటొచ్చిందో తెలుసా? గెడ్డ మీద కల్వర్టు! అదీ ఊడొచ్చీసింది. నాను సూసుకోలేదు, అలగే టెక్కలి దాకా లాక్కొచ్చీసినాను."

"కల్వర్టు ఊడొచ్చిందా బాబూ? మరి మొన్న మా సెల్లి దాని మీంచే వచ్చింది గదా?" అంది సింహాచలమ్మ గ్లాసు అందిస్తూ.

"మల్లీ అట్టికెల్లి ఎట్టీసినాను. గవర్మెంటు ఆస్తి మనకెందుకు?"

గిరీష్ నవ్వాడు గాని నేను నవ్వలేదు. ఢిల్లీశ్వరరావు కోతలు నాకు కొత్త కాదు. అయితే మామూలుగా ఆయన కోసేటప్పుడు మా అందరి మొహాలూ చూస్తాడు. ఇవాళ ఎంతసేపూ గిరీష్ జీపునే చూస్తున్నాడు. దాని ముందు బంపరుకున్న కొక్కేన్ని మరీను. ఏదో ఉంది అనుకున్నాను.

"అప్పుడనుకున్నాను, రెండంగుళాలకే ఇలగుంటే నాలుగైతే ఎలగుంటాదో అని. పలాస ఎల్లి కింద కమాన్ కట్టలకి పట్టీలు పెంచి, బాడీకీ సాసీకీ మజ్జిన దిమ్మలెట్టించి, ఈ టైర్లేయించినాను. కట్లు ఎలగుంటాయనుకున్నారు? ఒక్కో కట్టులో పిల్లి పడుకోవచ్చు. గాలి నిండా కొట్టించినాను. సునీలు గాలి తగ్గించమన్నాడా? గాలి తగ్గించడం పిరికోల్ల పని మాస్టారూ. రాయిలాగుండాల టైరు. అలగ బావనపాడు సముద్రమొడ్డుకెల్లి ఇసకలో ఒదిలినాను. ఒక్క గీత పడితే ఒట్టు! పీత బొక్క మీంచి ఎల్లిపోనాది జీపు, బొక్క కూలలేదు. పీత తల బయటికెట్టి సూసి, ఏటీ గాలి అనుకుని మల్లీ లోపలికెల్లిపోనాది."

"నిండా గాలి ఉంటే ఇసకలో ఇంకా దిగబడుతుందని చదివానండీ. బరువంతా ఒక్కచోటే పడుతుందట కదా?" అన్నాడు గిరీష్.

"సదువుకున్నారు మాస్టారూ, తోలలేదు! అదీ తేడా." ఆయన గొంతు ఒక్క మెట్టు పెరిగింది. "ఆ తరవాత ఏటైందో తెలుసా? నాలుగు కాస్తా ఎనిమిదంగుళాలు సేసినాను. మా తోటలో మా ఇందుమతి సీట్లో కూకుని జీడిపళ్లు కోసీది. పది సేయించినాను, పనసకాయలు కోసీది. పన్నెండు సేయించినానా, ఇంక కొబ్బరికాయలే! సీట్లోంచి సెయ్యి సాపడం, కోయడం, కింద పడీడం. ఉద్దానంలో సెట్లెక్కీ కుర్రోల్లందరూ మా గుమ్మంలోకొచ్చీసి, బాబూ మా నోటికాడ కూడు తీసీకండి, ఆ జీపు కాస్త దించండి అని ఏడుపు. నాను మనసున్నోడ్ని గదా, వారానికి రెండ్రోజులు జీపు తియ్యడం మానేసినాను."

"పన్నెండంగుళాలంటే అడుగు" అన్నాను నేను. "అడుగు లేపితే కొబ్బరికాయలందాయా?"

"టైర్లు బావా! టైర్ల ఎత్తు కలపవేటి? ఒక్కో టైరు ఒక్కో లారీ మీదొచ్చింది."

అలా వచ్చిన మాట వెంటనే లారీ ఎక్కింది. "లారీ అంటే గుర్తొచ్చింది. పలాస కాడ హైవే మీద ట్రాఫిక్ జాము. అటూ ఇటూ మైలు దూరం బళ్లు. నాను మజ్జిలో ఇరుక్కుపోనాను. ఎనకాల ఓ లారీవోడు హారన్ మీద హారన్ కొడతన్నాడు. దారియ్యమంటాడు. ఎక్కడిచ్చీది? ఆడు ఓపిక పట్టలేక లైట్లేసుకుని సర్రున వచ్చీసినాడు. వచ్చీసి, నా జీపు కింద నుంచి ఎల్లిపోనాడు! వంతెననుకున్నాడు! ఆడెనకాల ఇంకో లారీ, దానెనకాల బస్సు. బస్సు కండక్టరు నా జీపు కింద ఆపి, ఇది పలాస బస్సు కాంప్లెక్సు, దిగీవోల్లు దిగండి అని కేకేసినాడు. పదిమంది దిగిపోనారు కూడాను."

ఈ మాట దగ్గర రోడ్డు మీద ఆటో ఆగింది. సుధ దిగింది. బడి అయిపోయి వస్తోంది. చీర అంచు నిండా ఇసక, భుజాన సంచి, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. గిరీష్ లేచి చోటిచ్చాడు. సుధ కూర్చోలేదు. ఢిల్లీశ్వరరావు వైపు ఒక్క క్షణం చూసి, నా దగ్గరికి వంగి, "ఢిల్లీశ్వరరావు గారంటే ఈయనేనా బాబాయిగారూ?" అని మెల్లిగా అడిగింది. అవునన్నాను. "సరే, చెప్పనివ్వండి" అని బల్ల చివర కూర్చుని మజ్జిగ అడిగింది.

నాకు మరింత అనుమానం పట్టుకుంది. ఈ అమ్మాయికి ఆయనతో పనేమిటి?

ఢిల్లీశ్వరరావుకి కొత్త శ్రోత దొరికింది. "రామ్మా రా. మీ ఆయనకి మంచి సెప్తన్నాను. ఆడపిల్లవి, తోలీదానివి, నువ్వినాల. రావివలస ఎండల మల్లన్న తెలుసు గదా? నెత్తి మీద కప్పు లేకుండా ఎండలోనే ఉంటాడు సామి. ఓ సోమారం దండమెట్టుకుందామని ఎల్లి, జీపు బయటే ఆపినాను. లోపల్నుంచి పూజారి పరిగెత్తుకొచ్చీసినాడు. 'ఎవులిదీ బండి? తియ్యి బాబూ, తియ్యి! ఎన్ని తరాల్నుంచో ఎండలోనున్న దేవుడు, నీ బండి నీడ వెళ్లి ఆయన మీద పడింది, సామికి సలేత్తంది!' అన్నాడు. ఏం సేత్తాను? లెంపలేసుకుని తీసీసినాను. కావాలంటే ఎల్లి అడుగు."

"అయిపోయిందా అన్నయ్యగారూ?" అంది సుధ మర్యాదగా.

"ఎక్కడమ్మా! ఇప్పుడే కదా టాపు గేరులో పడింది. ఇచ్ఛాపురం మాట సెప్పనే లేదు. ఆ పక్కకి ఓ పెళ్లికెల్తన్నాను. బోర్డరు కాడ బండాపినాను. అటు ఒడియా పోలీసు, ఇటు మన పోలీసు వచ్చి కొట్లాట. ఈడు మా రాష్ట్రం బండంటాడు, ఆడు మా రాష్ట్రం బండంటాడు. నాను తల బయటికెట్టి సూద్దును గదా, ముందు సక్రాలు ఒరిస్సాలో ఉన్నాయి, ఎనక సక్రాలు ఆంధ్రాలో ఉన్నాయి! అయితే పెళ్లికెలాగెల్లినావంటారేమో. ఆ తరవాత ఏటైందో తెలుసా? మబ్బు! నల్లటి మబ్బొకటి వచ్చి జీపు బంపరుకి తగులుకుంది. రివర్సు గేరేసి లాగినాను, మబ్బు సిరిగిపోనాది. ఒక పక్క వాన, ఒక పక్క ఎండ. పెళ్లికొడుకు పక్క వాన, పెళ్లికూతురు పక్క ఎండ."

"మరి అంతెత్తు మీంచి దిగడం ఎలాగ బాబూ?" సింహాచలమ్మ స్టవ్ మంట తగ్గించి మరీ అడిగింది.

"దిగడవేటి? జీపే కూకుంటాది, ఒంటెలాగ. అలవాటు సేసినాను."

ఈలోగా సునీల్ భోజనం చేసి వచ్చి షట్టరు పైకి లేపాడు. "ఏం సార్, ఏమనుకున్నారు?" అని అడిగాడు. గిరీష్ తటపటాయించాడు. నాకు భయం వేసింది అప్పుడే. కోత అని తెలిసినా, పది నిమిషాలు వింటే మనిషిలో కొంచెం దిగుతుంది.

"మరీ పన్నెండు కాదు గాని, ఒక ఆరు అంగుళాలు లేపిస్తే? పెద్ద కట్ల టైర్లు వేస్తే? ఆ ఇసకలో ఆగిపోతే ఈవిడ ఒంటరిగా ఉంటుంది కదా సునీల్" అన్నాడు.

సునీల్ మొహం ముడుచుకున్నాడు. "మీరు చెప్తే చేస్తాను సార్. కానీ మేడం గారు తోలతారంటే నా చెయ్యాడదు. ఆరు లేపితే ఆవిడకి ఎక్కడమే కష్టం. ఆ బురద టైర్లు ఇసకని తవ్వుకుని కిందకే పోతాయి."

"తవ్వడవేటి!" ఢిల్లీశ్వరరావు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, సూడకుండా కొనీకండి. నా టైర్లు మీరు కల్లారా సూడాల. ఇప్పుడే పదండి, మీ జీపులోనే ఎల్దాం, అరగంట. సునీలూ, నువ్వూ రా. ఆ, ఓ మందంగుండే తాడుంటే ఎయ్యండి."

నేను ఎదురుచూస్తున్న కొస దొరికినట్టే అనిపించింది. "టైర్లు చూడ్డానికి తాడెందుకు బావా?"

ఆయన ఒక్క గుటక వేశాడు. ఒకటే. "జీపెక్కడానికి! అంతెత్తు జీపు, తాడు లేకుండా ఎలాగెక్కుతారు?"

"పార కూడా తెమ్మంటావా?"

"తెత్తే మంచిదే" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

సుధ మజ్జిగ గ్లాసు కడిగి సింహాచలమ్మకి ఇచ్చింది. "ఇప్పుడు అయిపోయిందా అన్నయ్యగారూ?"

"అయిపోయినట్టేనమ్మా" అన్నాడాయన, కాస్త తగ్గి.

"అయితే నేను చెప్తాను. బడి వదిలి ఇసక దారిలో వస్తుంటే జీడితోట దగ్గర ఒక జీపు కనపడింది. చక్రాలు కనపడలేదు. తలుపు అంచుల దాకా ఇసకలో కూరుకుపోయింది. ఒక మేక దాని బానెట్ మీదికి ఎక్కి నిలబడి, కొమ్మకున్న జీడిపళ్లు తింటోంది. పక్కన చెట్టు నీడన ఇందుమతి గారట, గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఎవరు అని అడిగితే, 'మా ఆయన ఢిల్లీశ్వరరావు. మనుషుల్ని తెస్తానని పొద్దున్న పదింటికి టెక్కలి వెళ్లారు. టీ కొట్ల దగ్గర చూడమ్మా, కనపడతారు' అన్నారు."

సునీల్ పక్కకి తిరిగి దగ్గాడు. సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఢిల్లీశ్వరరావు మొహంలో రంగు మారింది గాని, గొంతు ఇంకా పూర్తిగా దిగలేదు.

"నువ్వొచ్చి ఎంతసేపయిందమ్మా?"

"లారీ మీ జీపు కింద నుంచి వెళ్లాక, కండక్టరు కేకేసినప్పుడు వచ్చాను."

"మరి వచ్చీగానే సెప్పలేదేటి?"

"ఆవిడే వద్దన్నారు. 'కథ మధ్యలో ఉంటే ఆపొద్దమ్మా. ఆపితే మళ్లీ మొదట్నుంచీ చెప్తారు, నాకు ఇంకా ఆలస్యమవుతుంది. అయిపోయిందని ఆయన నోటితో అన్నాకే చెప్పు' అన్నారు."

ఇంక ఎవరం ఆపుకోలేకపోయాం. గిరీష్ అయితే బల్ల మీద నుంచి జారిపోయాడు. ఢిల్లీశ్వరరావు ఒక్కడే నవ్వలేదు. నిలబడ్డవాడు కూలబడి, తలకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అంత పెద్దమనిషి అంత చిన్నగా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"దానికాడ నీరున్నాదేటమ్మా?" అని అడిగాడు.

"నా బాటిల్ ఇచ్చి వచ్చానండీ. కంగారు లేదు, నీడగానే ఉంది."

"తొమ్మిదింటికి దిగబడిపోనాది" అన్నాడాయన నేల చూస్తూ. "గేరేసిన కొద్దీ లోపలికెల్లిపోనాది. ఊల్లో ట్రాక్టరోడు ఇంటికాడే ఉన్నాడు. ఎలాగడుగుతాను? నెల్లాల్లుగా రోజూ ఆడికే సెప్తన్నాను గదా, నా జీపు దిగబడదని. ఇక్కడికొచ్చి మీ జీపు సూసినాను. టైర్లు సూపించే వంకన తీసుకెల్లి, అక్కడ ఎలాగోలాగ సెబుదామనుకున్నాను. మొదలెట్టినాక మాట ఆగలేదు."

గిరీష్ జీపు తాళాలు సుధకి ఇచ్చాడు. సునీల్ షాపులోంచి తాడూ, పారా, గాలి చూసే మీటరూ తెచ్చి వెనక పడేశాడు. "ముందు మీ టైర్లలో గాలి సగం తీసేద్దాం బాబూ, సగం పని అదే అయిపోద్ది" అన్నాడు. సింహాచలమ్మ ఒక సీసాలో మజ్జిగ నింపి, "ఇది ఆ తల్లికి. మజ్జిలో నువ్వు తాగీకు" అని ఢిల్లీశ్వరరావు చేతిలో పెట్టింది.

నేను ఆఫీసుకి వెళ్లాల్సిన వేళ దాటిపోయింది. అయినా అక్కడే నిలబడ్డాను. సుధ స్టీరింగు ముందు కూర్చుంది. ఢిల్లీశ్వరరావు మజ్జిగ సీసా ఒక చేత్తో గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో తలుపు పట్టుకుని, ఒక్క అడుగులో లోపలికి ఎక్కేశాడు. ఎక్కి, సీటు మీద సర్దుకుని, కిందకి వంగి నేలకీ తలుపుకీ మధ్య దూరం చూశాడు.

"మాస్టారూ," అన్నాడు బుద్ధిగా, "ఎక్కడానికి సుళువుగా ఉన్నాది. సునీలు సెప్పిన రెండంగుళాలకి మించి లేపకండి."

ఆ పూట ఆయన చెప్పినవాటిలో నేను ఒక్కసారికే నమ్మిన మాట అది.